గురువుగారు రోజ్‌వుడ్ అంటారు, నా చెవి మహాగనీ అంటోంది

ప్రశ్న

పేరు వద్దన్న ఒక పాఠకురాలు రాసిన పొడుగాటి ఉత్తరం ఇది. కుదించి చెబుతున్నాను.

ఆవిడ ముప్పైల చివర్లో ఉన్నారు. పదేళ్లకు పైగా గిటార్ వాయిస్తున్నారు. ఎక్కువగా వేళ్లతోనే, గోళ్లు పెంచకుండా, వేలి కొసల కండతో మెత్తగా మీటుతారు. గొంతు మంద్రంలో బాగా పలుకుతుంది, పాడుకుంటూ వాయించుకోవడం ఇష్టం. నలుగురు స్నేహితులు కూర్చున్నప్పుడు మాత్రం పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పట్టుకుని గట్టిగా స్ట్రమ్మింగ్ చేస్తారు, అంటే తీగలన్నీ కలిపి మీటుతారు. ఇన్నేళ్లూ ప్లైవుడ్ గిటార్‌తోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడు చేతితో గిటార్లు చేసే ఒక లూథియర్‌కి అడ్వాన్స్ ఇచ్చి వరసలో పేరు రాయించుకున్నారు. ఆయన అడిగింది ఒక్కటే: "టాప్ ఏ చెక్క పెట్టమంటారు, వెనకా పక్కలూ ఏ చెక్క పెట్టమంటారు? నెలాఖరులోగా చెప్పండి." టాప్ అంటే తీగల కింద ముందువైపు ఉండే పలక.

అక్కడ మొదలైంది గొడవ. గురువుగారు సెడార్ టాప్, ఇండియన్ రోజ్‌వుడ్ వెనక తప్ప వేరే మాట వినరు; ఆయన గిటార్ అదే, పిక్ అనేది ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. బృందంలో లీడ్ వాయించే స్నేహితుడు సిట్కా స్ప్రూస్ టాప్, మహాగనీ వెనక అంటాడు. రోజ్‌వుడ్ పెడితే మీ గొంతు మునిగిపోతుందని భయపెట్టాడు. సగం డబ్బు తానే పెట్టుకుంటానన్న అన్నయ్య ఏమో, "బతుక్కి ఒకసారి కొనేది, బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌తో చేయించుకో" అని పట్టుబట్టాడు. ఆయనకు తెలిసినవాళ్ల దగ్గర పాత చెక్క ఉందట. వీడియోలు చూసీ చూసీ ఆవిడకు ఇప్పుడు ఏ గిటార్ విన్నా ఒకేలా ఉంది. చెక్కల పేర్లతో ఒక నోట్‌బుక్ నిండిపోయింది, గిటార్ మాత్రం కొన్ని వారాలుగా కవర్లోంచి బయటికి రాలేదు.

ఉత్తరం చివర్లో ఇంకో సంగతి ఉంది. ఒక షాపులో చేతికందిన గిటార్ తీసుకుని వాయిస్తే లేవబుద్ధి కాలేదట. లోపలి లేబుల్ చూస్తే టాప్ సాలిడ్ (పొరలు అంటించని అసలు చెక్క) స్ప్రూసే కానీ, వెనకది మహాగనీ, అదీ ప్లైవుడ్. "చదవగానే దానిమీద ఇష్టం పోయింది. నా చెవి ఇంత చవకదా అని సిగ్గేసింది" అని రాశారు. ఏ చెక్క ఎంచుకోవాలి, ఈ ముగ్గురికీ ఏం చెప్పాలి అన్నది ప్రశ్న. కొత్తది వచ్చాక పాత గిటార్ అమ్మేయాలా అని కింద ఒక ముక్క.

సమాధానం

మీరు సిగ్గుపడుతూ రాసిన ఆ షాపు సంగతే మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ పనికొచ్చింది. మిగతావన్నీ ఇతరుల అభిప్రాయాలు. అదొక్కటే మీ చేతులూ మీ చెవులూ కలిసి చెప్పిన మాట, అదీ లేబుల్ చదవకముందు చెప్పిన మాట. చదివాక మారింది గిటార్ కాదు కదా.

మీ చెవి చవకదేమీ కాదు. 2018లో అచ్చయిన ఒక పరిశోధన గురించి చెబుతాను. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఒకే లూథియర్ చేత ఆరు స్టీల్ తీగల గిటార్లు చేయించారు. టాప్ చెక్క, ఆకారం, కొలతలు అన్నీ ఒకటే. వెనకా పక్కలూ మాత్రం వేరువేరు: బ్రెజిలియన్ రోజ్‌వుడ్, ఇండియన్ రోజ్‌వుడ్, మహాగనీ, సపెలీ, మేపుల్, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులను పిలిచి, మసక వెలుతురులో, కళ్లకు వెల్డింగ్ అద్దాలు పెట్టి, ఒక్కొక్కటీ వాయించి మార్కులు వేయమన్నారు. ఆరింటికీ మార్కులు దాదాపు ఒకేలా పడ్డాయి. అపురూపమైన బ్రెజిలియన్ రోజ్‌వుడ్, ఎక్కడైనా దొరికే సపెలీ పక్కపక్కనే నిలబడ్డాయి. మరికొందరికి రెండు గిటార్లు ఇచ్చి, మూడోసారి చేతికిచ్చింది ఆ రెంటిలో ఏదో పోల్చుకోమంటే అక్కడా చాలామంది తడబడ్డారు.

దీన్ని పట్టుకుని చెక్కతో పనే లేదనేవాళ్లున్నారు. అంత దూరం నేను వెళ్లను. ఆ పరీక్షలో టాప్ మార్చలేదు. చేసిన చెయ్యి ఒకటే, ఆకారం ఒకటే. వెనక చెక్క తేడా సున్నా అని కూడా అది తేల్చలేదు. మనం ఊహించుకునేదానికంటే బాగా చిన్నదని మాత్రం తేల్చింది. మీ నోట్‌బుక్‌లో ముప్పావు వంతు ఈ చిన్న తేడా గురించే ఉందని నా అనుమానం.

ఈ వాదన కొత్తదీ కాదు. ఈనాటి క్లాసికల్ గిటార్‌కి రూపం ఇచ్చిన స్పెయిన్ లూథియర్ ఆంటోనియో డి టోరెస్ 1862లో ఒక గిటార్ చేశాడు. టాప్ మామూలుగా స్ప్రూసే. వెనకా పక్కలూ మాత్రం అట్టతో చేశాడు, అచ్చంగా కాగితపు గుజ్జు అట్ట. శబ్దం టాప్‌లోనే ఉందని చూపించడానికి చేసిన పని అది. ఇప్పుడది బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది. 1995లో అమెరికాలో టేలర్ గిటార్స్ కంపెనీ, సరుకు మోయడానికి వాడే పాలెట్ చెక్కలతో గిటార్ చేసి సంగీత వాద్యాల ప్రదర్శనలో పెట్టింది. అదీ బాగానే మోగింది. చెయ్యి తిరిగినవాడు చేస్తే ఎంత తేడా పడుతుందో చూపించాలన్నది వాళ్ల ఉద్దేశం.

అందుకని ముందు టాప్ సంగతి. తీగ ఒంటరిగా ఊగితే గాలి పెద్దగా కదలదు. ఆ ఊపు, తీగలు ఆనుకునే శాడిల్ అనే సన్నని పట్టీ మీదుగా, టాప్ మీద అంటించిన బ్రిడ్జ్‌కి, అక్కణ్నుంచి టాప్‌కి చేరితే, వెడల్పాటి ఆ పలక గాలిని నెడుతుంది. మనం వినేది చాలావరకు దాన్నే. మూడు మిల్లీమీటర్ల మందం కూడా ఉండీ ఉండని ఆ పలక, 12 గేజ్ తీగల సెట్టు లాగే 70 కిలోలకు పైబడ్డ బరువును ఏళ్ల తరబడి ఓర్చుకోవాలి, వేలి కొస తగిలితే చాలు కదలాలి కూడా. గట్టిగానూ ఉండాలి, తేలిగ్గానూ ఉండాలి. స్ప్రూస్, సెడార్ ఇన్నేళ్లుగా నిలబడింది ఈ రెండు గుణాలూ ఒకచోట ఉండటం వల్లే. ఘనపు మీటరుకి సిట్కా స్ప్రూస్ నాలుగు వందల కిలోల పైచిలుకు, సెడార్ అంతకంటే తక్కువ. ఇండియన్ రోజ్‌వుడ్ ఎనిమిది వందలు దాటుతుంది.

ఇక్కడ పేర్ల పిచ్చి ఉన్నవాళ్లు మరిచిపోయే విషయం ఒకటుంది. ఒకే జాతి చెట్టు నుంచి వచ్చిన రెండు పలకలు కూడా ఒకేలా ఉండవు. ఒక సిట్కా పలకకీ ఇంకో సిట్కా పలకకీ ఉన్న తేడా, సిట్కాకీ సెడార్‌కీ మధ్య ఉందని చెప్పుకునే సగటు తేడా కంటే ఎక్కువ కావచ్చు. అందుకే మంచి లూథియర్ పలకను చేతిలో వంచి చూస్తాడు, వేలితో తట్టి వింటాడు, దాన్నిబట్టి మందం దించుతాడు. ఈ మందం ఆషామాషీ లెక్క కాదు. పలక గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది: పది శాతం మందం పెంచితే గట్టిదనం దాదాపు 33 శాతం పెరుగుతుంది. అంటే ఆయన చేతిలోని చిత్రిక నాలుగు సార్లు ఎక్కువ ఆడినా తక్కువ ఆడినా, మీరు నోట్‌బుక్‌లో రాసుకున్న జాతుల తేడాలు అందులో కలిసిపోతాయి. టాప్ లోపలివైపు ఆసరాగా అంటించే బ్రేసింగ్ పట్టీలదీ అదే కథ.

బేస్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోజ్‌వుడ్ పెడితే బేస్ వస్తుందని మీ గురువుగారు అన్నారని రాశారు. కొంత నిజం ఉంది. ఆ చెక్కను తడితే గంటలా చాలాసేపు మోగుతుంది, మహాగనీని తడితే త్వరగా ఆగిపోతుంది. అయితే గిటార్ అడుగు స్వరాలకు ఆసరా ఇచ్చేది ముఖ్యంగా పెట్టెలోని గాలి. పెద్ద డ్రెడ్‌నాట్ సైజు గిటార్లలో ఆ గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ అంకె పెట్టె ఎంత పెద్దది, రంధ్రం ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి మారుతుంది. మీకు బేస్ కావాలంటే సగం అంగుళం లోతు పెంచమని అడగడం, చెక్క పేరు మార్చడం కంటే నమ్మకమైన దారి. మీ ఉత్తరంలో ఇన్ని చెక్కలున్నాయి, బాడీ సైజు గురించి ఒక్క ముక్క లేదు! మెడ వెడల్పు గురించీ లేదు. వేళ్లతో వాయించేవాళ్లకు నట్ (మెడ పై కొసన తీగలు ఆనుకునే పట్టీ) దగ్గర 43 మిల్లీమీటర్లకీ 44.5కీ ఉన్న తేడా రోజూ చేతికి తెలుస్తుంది. ఇవి రెండూ ఆయనతో మాట్లాడారో లేదో ముందు చూసుకోండి.

ఇప్పుడు మీకు సలహా ఇచ్చిన ముగ్గురి దగ్గరికి వద్దాం. ముగ్గురూ మీ మేలు కోరేవాళ్లే. అయితే ఒక్కొక్కరూ తమ చేతికి నప్పేది మీకు చెబుతున్నారు.

గురువుగారి సెడార్‌తో మొదలుపెడతాను. వెస్టర్న్ రెడ్ సెడార్‌ను గిటార్లలోకి బలంగా తెచ్చింది 1960లలో మాడ్రిడ్ లూథియర్ మూడో జోసే రమిరెజ్, అదీ నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ల కోసం. దానికి ముందు రాజ్యమంతా స్ప్రూస్‌దే. సెడార్ మెత్తని వేలికి వెంటనే పలుకుతుంది, మొదటి రోజు నుంచే వెచ్చగా ఉంటుంది, నెలల తరబడి వాయించి దాన్ని నిద్ర లేపనక్కర్లేదు. గోళ్లు లేకుండా కండతో మీటే మీకు ఇది నిజంగానే ఆశపెట్టే టాప్. గురువుగారు ఆ మాట ఊరికే అనలేదు.

కాకపోతే ఆయన పిక్ పట్టరు, మీరు పడతారు. గట్టిగా స్ట్రమ్ చేస్తే సెడార్ ఒక మేరకి వచ్చి ఆగిపోతుందని చాలామంది వాయించేవాళ్లు అంటారు: ఇంకా బలంగా కొట్టినా శబ్దం పెరగదు, ముద్దగా అవుతుంది. నేనూ అలాగే విన్నాను. బాగా చేసిన సెడార్ గిటార్లు కొన్ని దీన్ని తట్టుకుంటాయి, కానీ లూథియర్ ముందే ఆ లెక్కతో చేయాలి. పైగా ఆ చెక్క మెత్తన. పిక్ జారితే గీత, గోరు తగిలితే గుంట. ఇవి కళ్లకు కనబడితే మీ మనసు పాడవుతుందా, "పోనీలే, వాయించే గిటార్" అనుకుంటారా అన్నది మీకే తెలియాలి. మీ స్ట్రమ్మింగ్ మొత్తం వాయింపులో ఎంత భాగం? పదో వంతు అయితే ఆ పదో వంతు కోసం తొమ్మిది వంతులను వదులుకోవద్దు. పాత ప్లైవుడ్ గిటార్ ఉండనే ఉంది కదా, దాని సంగతి చివర్లో చెబుతాను.

స్నేహితుడి మాట చూద్దాం. సిట్కా టాప్‌కి అతను చెప్పిన కారణం సరైనదే: మెత్తగానూ వాయించొచ్చు, బలంగానూ కొట్టొచ్చు, రెండు పనులకీ సర్దుకుపోతుంది. లేత మీటుకి సెడార్ అంత చప్పున పలకకపోవచ్చు, అంతే. యూరోపియన్ స్ప్రూస్, ఎంగిల్‌మన్ స్ప్రూస్ సిట్కా కంటే కాస్త తేలిక, లేత చేతికి వాటిని ఇష్టపడేవాళ్లు చాలామంది. మీకు ఎవరూ చెప్పలేదు గానీ ఈ మధ్య దారి ఒకటుందని గుర్తుపెట్టుకోండి. అడిరాండాక్ స్ప్రూస్ అని మీ నోట్‌బుక్‌లో చుట్టూ గీతలు పెట్టి రాసుకున్నారన్నారు. అది బలంగా కొట్టేవాళ్ల చెక్క. మీలాంటి చేతికి అది ఏళ్ల తరబడి సగమే మాట్లాడుతుంది. కొట్టేయండి.

రోజ్‌వుడ్ మీ గొంతును ముంచేస్తుందన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఇదే విషయం మీద నేను రెండు వైపులా విన్నాను. ఒకరంటారు, రోజ్‌వుడ్‌లో అడుగు స్వరాలూ పై స్వరాలూ ఎక్కువ, మధ్యలో ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో గొంతు కూర్చుంటుంది అని. ఇంకొకరంటారు, మహాగనీ పొడిగా, పొందిగ్గా ఉంటుంది కాబట్టి గొంతుకి దారి ఇస్తుంది అని. ఒకే చెక్కల నుంచి రెండు తలకిందుల తీర్పులు! మార్టిన్ కంపెనీ 1931లో తెచ్చిన రెండు డ్రెడ్‌నాట్లు, డి-18 మహాగనీది, డి-28 రోజ్‌వుడ్‌ది, దాదాపు శతాబ్దంగా పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి, రెంటితోనూ పాడేవాళ్లు పాడుతూనే ఉన్నారు. ఒకటి రెండోదాన్ని ఓడించలేదు. మంద్రంలో పాడే మీకు నేనిచ్చే సలహా చెక్క గురించి కాదు, క్యాపో గురించి, అంటే తీగలన్నిటినీ నొక్కి శ్రుతి పెంచడానికి మెడకి బిగించే క్లిప్పు గురించి. క్యాపో రెండో ఫ్రెట్‌లోనో మూడో ఫ్రెట్‌లోనో పెట్టి అదే శ్రుతికి కార్డ్ ఆకారాలు మార్చుకుంటే గిటార్ మీ గొంతు కిందనుంచి పక్కకి జరుగుతుంది. అలా చేశాక కూడా గొంతు మునుగుతోందంటే అప్పుడు మళ్లీ రాయండి.

అన్నయ్య చెప్పిన బ్రెజిలియన్ రోజ్‌వుడ్ దగ్గర కొంచెం గట్టిగా మాట్లాడాలి. అందమైన చెక్క, అందులో సందేహం లేదు. 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతి కట్టడి చేసింది, మార్టిన్ 1969 ప్రాంతంలో ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారిపోయింది. 1992 నుంచి ఆ చెట్టు సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అంటే అంతర్జాతీయ వ్యాపారానికి దాదాపుగా తలుపులు మూసిన జాబితాలో. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతులన్నింటినీ రెండో అనుబంధంలో చేర్చినప్పుడు ఇండియన్ రోజ్‌వుడ్ గిటార్లకూ కాగితాల బెడద వచ్చింది. 2019 నవంబరు నుంచి, పూర్తిగా తయారైపోయిన వాద్యాలకు ఆ కాగితాల నుంచి మినహాయింపు దొరికింది, కానీ బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కి అది వర్తించదు. ఆ గిటార్‌తో సరిహద్దు దాటాలన్నా, వేరే దేశంలో ఉన్నవాళ్లకి అమ్మాలన్నా, ఆ చెక్క నిషేధానికి ముందుదని చూపించే పత్రాలు కావాలి. "ఎవరి దగ్గరో పాత చెక్క ఉందట" అన్న మాటలో "ఉందట" దగ్గర నేను ఆగిపోయాను. పత్రం లేని పాత చెక్కకీ, దొంగతనంగా కొట్టిన కొత్త చెక్కకీ కంటికి తేడా ఉండదు.

ఇంకొకటి. ఇప్పుడు మిగిలున్న పాత నిల్వల్లో, ఎప్పుడో కొట్టేసిన చెట్ల మొదళ్ల నుంచి తీసిన చెక్క చాలా ఉంది. గీతలు మెలికలు తిరిగి చూడ్డానికి గొప్పగా ఉంటుంది, పగలడానికీ ముందుంటుంది. నేరుగా కోసిన ఇండియన్ రోజ్‌వుడ్ ఆ విషయంలో చాలా బుద్ధిమంతురాలు. అన్నయ్య ప్రేమ తీసుకోండి, ఆ చెక్క తీసుకోకండి అని చెప్పాలనుంది, కానీ నిర్ణయం మీది. తీసుకుంటే మాత్రం రెండు షరతులు: పత్రాలు మీ చేతికి వచ్చాకే సరే అనండి, ఆ పలకలు వాడతానని లూథియర్ వాటిని చూసి ఒప్పుకోవాలి. చాలామంది లూథియర్లు బయటివాళ్లు తెచ్చిన చెక్కకి హామీ ఇవ్వరు. అన్నయ్యకు చెప్పడం ఎలా అని అడిగారు. "ఆ డబ్బు వెనక చెక్కకి కాకుండా మంచి కేసుకీ, పికప్‌కీ, నాకు సరిపోయే మెడకీ పెడతాను అన్నయ్యా" అనండి. బతుక్కి ఒకసారి కొనేదానికి తన చెయ్యి కూడా ఉండాలన్నది ఆయన కోరిక అయితే, అది తీరుతుంది.

ఇక మీ ముందున్న దారులు. గురువుగారి జోడీ, సెడార్ టాప్‌తో రోజ్‌వుడ్ వెనక, ఎంచుకుంటే రాత్రిళ్లు ఒంటరిగా వాయించుకునే మీకు చాలా సంతోషం దొరుకుతుంది, స్నేహితుల మధ్య కొంచెం వెనకబడతారు. ఒక చిక్కు కూడా ఉంది: మీ గిటార్ ఎప్పుడూ ఆయన గిటార్‌తో పోల్చి చూసుకునే ప్రమాదం. ఆయన గిటార్ ఎన్నో ఏళ్లు వాయించినది, వాయించేది ఆయన చేతులు. మీది మొదటి నెలలో అలా మోగకపోతే చెక్కను తిట్టుకుంటారు.

స్ప్రూస్ టాప్‌తో మహాగనీ వెనక ఎంచుకుంటే, మీకు షాపులో నచ్చిన శబ్దానికి దగ్గరగా వెళతారు. తేలికైన గిటార్ అవుతుంది, ఒళ్లో పెట్టుకుని గంటలు కూర్చునేవాళ్లకు అదీ లెక్కే. పోగొట్టుకునేది చివర్లో సాగే ఆ మోత, రోజ్‌వుడ్‌లో స్వరం ఆగాక కూడా కాసేపు వేలాడే ఆ తీపి. కొందరికి అది లేకపోతే గిటార్ పొడిగా అనిపిస్తుంది, ఇంకొందరికి అది ఉంటే పాట మసకేస్తుంది. అసలు మహాగనీకి బదులు సపెలీ ఇస్తానని ఆయన అంటే ముఖం చిట్లించకండి, ఇప్పుడు చాలా కంపెనీలు ఆ పనే చేస్తున్నాయి.

మీరు అడగని దారి ఇంకొకటుంది. షాపులో లేవబుద్ధి కానివ్వని ఆ గిటార్‌నే కొనుక్కోవడం. అడ్వాన్స్ వెనక్కి వస్తుందో లేదో కనుక్కోండి. ప్లైవుడ్ వెనక అనగానే తీసిపారేయాల్సిన పని లేదు. టాప్ సాలిడ్‌గా ఉంటే శబ్దంలో పెద్ద వాటా దక్కినట్టే, పైగా పొర చెక్క తేమ మార్పులకు తొందరగా పగలదు. దీని వల్ల నష్టం కూడా చెప్పాలి: మీ చేతి కొలతకి చేసిన మెడ రాదు, ఒక మనిషి మీ కోసం చేసిన వస్తువన్న సంతోషం రాదు. ఆ సంతోషం మీకు ముఖ్యమని ఉత్తరమంతా చెబుతూనే ఉంది. అందుకే ఈ దారిని నేను నెట్టడం లేదు, ఉందని చూపిస్తున్నాను.

నా మొగ్గు ఎటని అడిగితే, టాప్ మీరు తేల్చుకుని వెనక చెక్క లూథియర్‌కి వదిలేయడం వైపు. ఆయన దగ్గర ఉన్న చెక్కల్లో ఏ పలక ఏ టాప్‌తో పొందుతుందో ఆయనకి తెలిసినంతగా నాకూ తెలియదు, మీ ముగ్గురు సలహాదారులకూ తెలియదు. ఆయనకు చెక్క పేర్లు కాకుండా మీ వాయింపు చెప్పండి. గోళ్లు లేవు, వేలి కండతో మీటుతాను, గొంతు మంద్రం, పిక్ అప్పుడప్పుడే, ఎక్కువగా ఇంట్లో కూర్చుని నాకు నేను వినడానికే వాయిస్తాను. ఈ చివరిదాన్ని గట్టిగా చెప్పండి. గిటార్ శబ్దం ఎదుటివాళ్లకి వెళుతుంది, వాయించేవాళ్లకి పైనుంచి అరకొరగా వస్తుంది. మీ ముఖానికి దగ్గరగా పై పక్కలో చిన్న రంధ్రం పెట్టే లూథియర్లు చాలామంది ఉన్నారు. మీలా ఒంటరిగా పాడుకునేవాళ్లకి ఆ రంధ్రం తెచ్చే తేడా, మహాగనీకీ రోజ్‌వుడ్‌కీ ఉన్న తేడా కంటే పెద్దదని నా నమ్మకం.

ఇలా వదిలేయడంలో ఇబ్బంది లేకపోలేదు. తరవాత నచ్చకపోతే నింద వేయడానికి మీ ఎంపిక అంటూ ఏమీ ఉండదు, ఆయన మీద పడుతుంది. ఆ మనస్తత్వం మీలో ఉందనిపిస్తే వదిలేయకండి, మీరే పేరు చెప్పండి.

టాప్ తేల్చుకోవడానికి వీడియోలు కట్టిపెట్టండి. మైకు ఎక్కడ పెట్టారు, గది ఎలాంటిది, తీగలు ఏనాటివి అన్నవే వాటిలో ఎక్కువ వినిపిస్తాయి. ఫోన్ స్పీకర్‌లో అడుగు స్వరాలు ఎలాగూ రావు. వీలైతే లూథియర్ చేసిన గిటార్లే రెండు, ఒకటి సెడార్‌ది, ఒకటి స్ప్రూస్‌ది, వాయించే ఏర్పాటు అడగండి. ఆయన దగ్గర లేకపోతే పాత కొనుగోలుదారుల్లో ఎవరి దగ్గరో ఉంటాయి. రెంటికీ ఒకే రకం తీగలు, ఒకే రోజు మార్చినవి ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కొత్త తీగలున్న ఏ గిటారైనా పాత తీగలున్న గిటార్‌ని ఓడించేస్తుంది. కళ్లు మూసుకుని కూర్చోండి, ఏది ఏదో చెప్పకుండా ఎవరినైనా చేతికి అందించమనండి. కొత్త ట్యూన్లు వద్దు, మీకు నిద్రలోనూ వచ్చే రెండు పాటలు పాడుతూ వాయించండి, ఒకటి మెత్తగా, ఒకటి పిక్‌తో. తరవాత అవతలివాళ్లను వాయించమని మీరు ఎదురుగా కూర్చుని వినండి. వాళ్లతో మాట్లాడకండి, ఎందుకు నచ్చిందో రాయకండి. ఏది కింద పెట్టబుద్ధి కాలేదో అంతవరకే చూసుకోండి. రెండూ ఒకేలా ఉన్నాయనిపిస్తే అదీ జవాబే. అప్పుడు చూడ్డానికి ఏది బాగుంటే అది తీసుకోండి. ఎర్రటి సెడార్ ఇష్టమా, పాలరంగు స్ప్రూస్ ఇష్టమా అన్నది చిన్నతనం కాదు, రోజూ చూడబోయే వస్తువు అది.

గురువుగారికి ఏం చెప్పాలని మీరు మథనపడుతున్నారు. ఆయన్ని ఒప్పించే బాధ్యత మీద వేసుకోకండి. గిటార్ వచ్చాక మొదట ఆయన చేతికే ఇవ్వండి, వాయించమనండి. లేబుల్ సంగతి ఆయన అడిగితేనే చెప్పండి.

పాత గిటార్ అమ్మకండి, కనీసం ఒక ఏడాది పాటు. కొత్తది అంతా సాలిడ్ చెక్క అవుతుంది కాబట్టి గాల్లో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండే చోట ఉంచాలి, లేకపోతే ఎండాకాలంలో పగుళ్లు, వానాకాలంలో ఉబ్బులు. బృందంతో బయట కూర్చునే రోజున, ఎండలో కారులో ఉంచాల్సిన రోజున, పిక్‌తో గట్టిగా బాదాల్సిన రోజున ఆ ప్లైవుడ్ గిటారే మీకు నిశ్చింత. సెడార్ ఎంచుకుంటే మరీ అవసరం. ఈలోగా దానికి కొత్త తీగలు వేయండి. కొన్ని వారాలుగా వాయించలేదన్నారు కదా, లూథియర్ దగ్గరికి వెళ్లేసరికి వేళ్లు మొద్దుబారి ఉంటే ఏ టాప్ మీ చేతికి పలుకుతోందో తెలియదు.